గోడ దూకే కుర్రాళ్లు

1969 జనవరి 19, ఆదివారం. పారిస్‌లో తెల్లవారేసరికి నోత్రదామ్ చర్చి శిఖరం మీద వియత్నాం నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ జెండా ఎగురుతోంది. వియత్నాం యుద్ధంపై శాంతి చర్చలు అదే నగరంలో జరుగుతున్న రోజులవి. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ముగ్గురు యువకులు రాత్రికి రాత్రి పైకెక్కి ఆ జెండా కట్టారు. దిగి వస్తూ, మళ్లీ ఎవరూ ఎక్కకుండా శిఖరానికున్న మెట్టుకమ్మీలను రంపంతో కోసేశారు. దాంతో అగ్నిమాపక దళం హెలికాప్టర్ తెప్పించాల్సి వచ్చింది. దాని నుంచి వేలాడుతూ ఒక సార్జెంట్ శిఖరం కొస దాకా దిగి జెండాను లాగి తెచ్చాడు. ఆయన పేరు రేమండ్ బెల్. పుట్టింది వియత్నాంలోనే. తల్లి వియత్నాం మనిషే.

ఆయన కొడుకు, ఆ కొడుకు స్నేహితులు, వాళ్లతో కలిసి తిరిగిన మరికొందరు పేట పిల్లలు పారిస్ శివార్లలో ఒక సాధన మొదలుపెట్టారు. దాన్నే ఇవాళ ప్రపంచం పార్కూర్ అంటోంది. మనకది ఫోన్‌లో కనిపించే పది సెకన్ల వీడియో. ఒక కుర్రాడు డాబా అంచున నిలబడతాడు, పరుగెత్తుకొచ్చి అవతలి డాబా మీదికి దూకుతాడు, అంతే. చూసినవాళ్లు ‘అమ్మో’ అంటారు. పెద్దవాళ్లయితే ‘వీడికి చెప్పేవాళ్లెవరూ లేరా’ అంటారు. చెప్పేవాళ్లు ఉన్నారు. ఈ కథనమంతా వాళ్ల గురించే. పార్కూర్‌ను ఒంటరి కుర్రాడి సాహసంగా చూస్తే సగమే చూసినట్టు. అది మొదటి నుంచీ జట్టు పని. ఒకరినొకరు కనిపెట్టుకుంటూ, ఒకరి తప్పు ఇంకొకరు దిద్దుతూ పిల్లలు తమకోసం తామే కట్టుకున్న బడి.

నాన్న చెప్పిన కథలు

రేమండ్ బెల్ 1939లో అప్పటి ఫ్రెంచి ఇండోచైనాలో పుట్టాడు. యుద్ధం ఆ కుటుంబాన్ని చెల్లాచెదురు చేసింది. చిన్నతనంలోనే దలాత్ పట్టణంలోని సైనిక బడిలో చేరాడు. అక్కడ బలహీనుడిగా కనిపిస్తే బతుకు నరకమే. అందుకని మిగతా పిల్లలు నిద్రపోయాక ఒక్కడే లేచి, సైనికుల శిక్షణ కోసం కట్టిన గోడలూ తాళ్లూ దూలాల మీద సాధన చేసేవాడట. 1954 మే నెలలో దియెన్ బియెన్ ఫూ కోట కూలడంతో ఇండోచైనాలో ఫ్రెంచి పాలనకు నూకలు చెల్లాయి. మరుసటి నెలలోనే మన గోదావరి ఒడ్డున యానాం కూడా ఫ్రెంచివారి చేతుల్లోంచి జారిపోయింది. రేమండ్‌ను ఫ్రాన్స్‌కు పంపేశారు. పందొమ్మిదేళ్లకే పారిస్ అగ్నిమాపక దళంలో చేరాడు.

ఫ్రెంచి సైనికులు, అగ్నిమాపక సిబ్బంది చేసే ఆ అడ్డంకుల సాధన వెనక జార్జ్ ఎబేర్ అనే నౌకాదళ అధికారి ఉన్నాడు. 1902లో మార్టినిక్ దీవిలో పెలే అగ్నిపర్వతం బద్దలై సెయింట్ పియర్ పట్టణం బూడిదైంది. సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. అప్పటి సహాయక చర్యల్లో ఎబేర్ పాల్గొన్నాడని చెబుతారు. ఒంట్లో ఎంత బలమున్నా ఆపదలో పక్కవాడికి అక్కరకు రాకపోతే దండగేనని ఆయన నమ్మకం. నడక, పరుగు, దూకడం, ఎక్కడం, బరువులెత్తడం, ఈత ఇలా మనిషి సహజంగా చేసే పనులతోనే వ్యాయామ పద్ధతి తయారుచేశాడు. ‘పనికొచ్చేందుకే బలం’ అన్న ఆయన సూత్రం ఇప్పటికీ పార్కూర్ జట్ల నోట వినిపిస్తుంది.

రేమండ్ కొడుకు డేవిడ్ 1973లో పుట్టాడు. తల్లి తరఫు తాత కూడా అగ్నిమాపక దళంలో పనిచేసినవాడే. తాత చెప్పిన కథలు, నాన్న చెప్పిన కథలు వింటూ పెరిగిన పిల్లవాడికి బడి పాఠాలు చేదయ్యాయి, జిమ్నాస్టిక్స్ క్లాసులు ఇరుకయ్యాయి. నేర్చుకున్నది నిజంగా మంటల్లో, వరదలో, పరుగులో పనికొస్తుందా అన్నదొక్కటే అతడి ప్రశ్న. పదిహేనేళ్లు వచ్చేసరికి అతడి కుటుంబం పారిస్‌కు దక్షిణాన ముప్పై కిలోమీటర్ల దూరంలోని లీస్ అనే చిన్న ఊరికి మారింది.

ఎక్కడానికే కట్టిన బొమ్మ

లీస్ పక్కనే ఎవ్రీ. పారిస్ మీద జనం ఒత్తిడి తగ్గించడానికి 1960ల చివర నుంచి ప్రభుత్వం ప్రణాళిక వేసి కట్టించిన కొత్త పట్టణాల్లో అదొకటి. ఎటు చూసినా కాంక్రీటే. కార్లు కింద, మనుషులు పైన నడిచేలా వంతెనలు, ఎత్తుపల్లాల మెట్ల దారులు, పిట్టగోడలు, ర్యాంపులు, ఇనుప కమ్మీలు. పెద్దవాళ్లకది పొద్దున రైలెక్కి రాత్రి తిరిగొచ్చే ఊరు. సాయంత్రాలు గడపడానికి చోటు లేని పిల్లలకు మాత్రం ఆ గోడలే దొరికాయి.

అక్కడి పార్కులో చెరువు పక్కన ఒక పెద్ద కాంక్రీటు శిల్పం ఉంది. హంగరీలో పుట్టిన శిల్పి పియర్ సెకెలి 1975లో దాన్ని నిర్మించాడు. పేరు దామ్ ద్యు లాక్, మన మాటల్లో కొలను దొరసాని. చూసి పోవడానికి కాదు, పట్టుకుని ఎక్కడానికే ఆయన దాన్ని కట్టాడు. గుంటలు, అంచులు, వంపులు, ఒక పలక నుంచి ఇంకో పలకకు మధ్య ఖాళీలు. డేవిడ్, అతడి స్నేహితుడు సెబాస్టియన్ ఫుకాన్, యాన్ నోత్రా, చౌ బెల్ దిన్, విలియమ్స్ బెల్, లోరాన్ పియెమొంతేసి, ఇంకా మరికొందరు అక్కడ కలిసేవారు. వియత్నాం, కాంగో, కరీబియన్ దీవుల్లాంటి దూరతీరాల నుంచి వచ్చిన కుటుంబాలు వాళ్లవి. ఫ్రెంచి పత్రికల్లో శివారు పేటల పేరు వస్తే ఆ పక్కనే గొడవలు, పోలీసులు అన్న మాటలు ఉండేవి. అలాంటి చోట ఈ కుర్రాళ్లు తమంతట తాము ఒక క్రమశిక్షణ పెట్టుకున్నారు. నాకు పార్కూర్‌లో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

మన పల్లెల్లో పిల్లలు మర్రిచెట్టు మీద కోతికొమ్మచ్చి ఆడినట్టే మొదలైంది వాళ్ల ఆట కూడా. ఏ కొమ్మ బరువు మోస్తుందో, ఏది విరుగుతుందో మన పిల్లలకు చేతులకే తెలిసినట్టు, ఏ గోడ గరుకో ఏ కమ్మీ వదులో వాళ్లకు తెలిసేది. అయితే వాళ్లు ఆట దగ్గరే ఆగలేదు. ఆలస్యంగా రాకూడదు, సాకులు చెప్పకూడదు, గొప్పలు పోకూడదు అని నియమాలు పెట్టుకున్నారు. కొత్తవాడు చేరాలంటే జట్టులో ఒకరు పూచీ పడాలి. కొన్నిసార్లు తిండీ నీళ్లూ లేకుండా సాధన చేశారు, చలికి ఓర్చుకోవాలని దుప్పటి లేకుండా కటికనేల మీద పడుకున్నారు. ఆ కాఠిన్యం ఇవాళ్టి పిల్లలకు అక్కర్లేదు, ఏ మంచి శిక్షకుడూ అలా చేయమనడు. కానీ వాళ్ల ఇంకో నియమం మాత్రం ఇప్పటికీ నిలిచింది. కలిసి మొదలుపెడితే కలిసే ముగించాలి. మెట్లన్నీ నాలుగు కాళ్ల మీద పాకుతూ ఎక్కే సాధనలో ముందు చేరినవాడు కూర్చుని ఊపిరి పీల్చుకోకూడదు. మళ్లీ కిందికి దిగి, వెనకబడినవాడి పక్కన చేరి, అతడితో కలిసి మళ్లీ పాకాలి. చివరివాడు చేరితేనే సాధన అయినట్టు.

చప్పుడు వినపడకూడదు

పార్కూర్ జట్టు ఎక్కడిదైనా సరే, సాధన చేసే చోటికి వెళ్లి ఒక మూల నిలబడి చూస్తే ముందుగా ఆశ్చర్యపరిచేది నెమ్మది. గంటలో ఎక్కువసేపు ఎవరూ దూకరు. ఒకడు కమ్మీ దగ్గర వంగి అరచేత్తో తడుముతుంటాడు. తడి ఉందా, తుప్పు పెచ్చులు లేస్తున్నాయా, రంగు జారుడుగా ఉందా అని చూస్తాడు. తర్వాత కాలితో తన్ని, ఊపి, నేలలో గట్టిగా దిగిందో లేదో పరీక్షిస్తాడు. ఇంకొకడు దూరాన్ని అడుగులతో కొలుస్తాడు. అదే దూరాన్ని నేల మీద రెండు గీతల మధ్య దూకి చూసుకుంటాడు. పది సార్లు సరిగ్గా గీత మీదే ఆగితే అప్పుడు ఫుట్‌పాత్ అంచు. అక్కడా తడబడకుండా వస్తే మోకాలెత్తు గోడ. వీడియోలో కనిపించే ఎత్తు ఆ వరుసలో ఎక్కడో చివరన ఉంటుంది.

దీన్ని వాళ్లు ప్రెసిషన్ అంటారు. నిలబడిన చోటి నుంచి రెండు కాళ్లతో ఎగిరి, అవతలి అంచు మీద కచ్చితంగా ఆగడం. కమ్మీ మీద పాదాల ముందు భాగం మాత్రమే ఆనాలి, మడమ గాల్లోనే ఉండాలి. మోకాళ్లు వంగి బరువును మింగాలి, కానీ కూలబడిపోకూడదు. చేతులు ముందుకు చాచి ఊపును ఆపాలి. అలా ఆగితే ‘స్టిక్ అయింది’ అంటారు. అరంగుళం ముందుకు పోతే తూలి పడతారు, వెనక్కి తగ్గితే కాలి ముందెముక గీరుకుపోతుంది. ఏ జట్టులో చూసినా పాతవాళ్ల ముందెముకల మీద ఆ మచ్చలు ఉంటాయి.

గోడకు ఎగిరి పట్టుకునే క్యాట్ లీప్ ఇంకా కష్టం. చూసేవాళ్లకు చేతులతో అందుకున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ముందు పాదాలు గోడకు తగలాలి, ఆ తర్వాతే వేళ్లు అంచును పట్టాలి. చేతులు ముందు తగిలితే ఒళ్లంతా ఊగి వెళ్లి ఛాతీ గోడకు కొట్టుకుంటుంది. ఎత్తు నుంచి దిగేటప్పుడైతే పల్టీ. తలమీదుగా నిటారుగా వేసే పల్టీ కాదు. ఒక భుజం నుంచి ఎదురు నడుము దాకా వీపు మీద ఏటవాలుగా దొర్లడం. వెన్నెముక నేరుగా నేలను తాకకుండా, దూకుడులోని బలమంతా ముందుకు పరుగుగా మారిపోయేలా. ఇన్నిటిలోనూ గురువు చెవి ఒక్కదానికోసమే వింటుంటుంది: నేల తాకిన చప్పుడు. దబ్‌మని వినపడితే కీళ్ల మీద భారం పడ్డట్టే, మళ్లీ చేయాల్సిందే. చప్పుడు వినపడకుండా దిగినవాడికే తర్వాతి ఎత్తు.

ఖరీదైన సరంజామా ఏమీ ఉండదు. అందుకే పేటల్లో పుట్టింది, పేటల్లోనే బతికింది. మందమైన అట్టలు లేని పలచటి బూట్లు చాలు, అంచు పాదానికి తెలియాలి కదా. డెకాథ్లాన్ వాళ్ల చవక కలెంజీ పరుగు బూట్లు చాలామంది ట్రేసర్ల కాళ్లకు ఎక్కాయి. ట్రేసర్ అంటే పార్కూర్ సాధకుడు.

సినిమా వచ్చాక

డేవిడ్ అన్న కూడా అగ్నిమాపక దళంలో ఉండేవాడు. 1997లో పారిస్‌లో ఆ దళం వేడుకలో ప్రదర్శన ఇవ్వమని తమ్ముడి జట్టును పిలిచాడు. అప్పుడే తొమ్మిది మంది కలిసి యమకాసి అని పేరు పెట్టుకున్నారు. పేరొచ్చిన కొద్దికాలానికే దారులు చీలాయి. ‘నోత్రదామ్ ద పారీ’ సంగీత నాటకంలో అవకాశం వచ్చింది. సాధనను వేదిక మీదికి తీసుకెళ్లాలా వద్దా, తీసుకెళ్తే ఎంతవరకు అన్న దగ్గర అభిప్రాయాలు కలవలేదు. డేవిడ్, ఫుకాన్ బయటికొచ్చారు. డేవిడ్ తన దారిని పార్కూర్ అన్నాడు, మిగిలినవాళ్లు ఆర్ ద్యు దెప్లాస్మాన్, అంటే కదలిక కళ, అన్న పేరు మీదే నిలబడ్డారు.

2001లో లూక్ బెసాన్ రాసిన ‘యమకాసి’ సినిమా వచ్చింది, జట్టులోని ఏడుగురు నటించారు. అందులో వాళ్లను చూసి ఎక్కబోయిన ఒక పిల్లవాడికి గుండె దెబ్బతింటుంది. శస్త్రచికిత్స డబ్బు కోసం వీళ్లు దొంగతనాలకు దిగుతారు. ఏళ్లతరబడి ‘గోడలు దూకుతున్నారు, దొంగలేమో’ అనే మాట పడిన కుర్రాళ్లను తెర కూడా దొంగల్ని చేయడం నాకు మింగుడుపడదు. జట్టు కట్టుబాటు, వెనకబడినవాడి కోసం మళ్లీ కిందికి దిగడం లాంటివి కదా చూపించాల్సింది.

ఫుకాన్ లండన్ వెళ్లాడు. 2003లో ఛానల్ 4 ప్రసారం చేసిన ‘జంప్ లండన్’ డాక్యుమెంటరీలో ఆల్బర్ట్ హాల్, గ్లోబ్ థియేటర్, నదిలో లంగరేసిన హెచ్‌ఎంఎస్ బెల్‌ఫాస్ట్ యుద్ధనౌక మీద అతడూ మరో ఇద్దరూ పరుగులు తీశారు. ఆంగ్లం మాట్లాడే జనానికి అర్థమయ్యేలా ‘ఫ్రీరన్నింగ్’ అన్న పేరు అప్పుడే వచ్చింది. క్రమంగా పిల్లిమొగ్గలు, గాల్లో తిరగడాలు, సొంత శైలి చూపించే ధోరణికి ఆ పేరు స్థిరపడింది. మన దగ్గర చాలామంది ఈ విద్యను మొదటిసారి చూసింది మాత్రం 2006లో, ‘కసినో రొయాల్’ మొదట్లో జేమ్స్ బాండ్ వెంటపడితే క్రేన్ మీదికెక్కి పరుగెత్తే మనిషిలో. ఆ మనిషి ఫుకానే.

ఇక పోటీల సంగతి. లీస్ కుర్రాళ్లకు పోటీ అంటే గిట్టదు. నీ నిన్నటితోనే నీకు పోటీ అనేవారు. బ్రిటన్ 2017లో పార్కూర్‌ను క్రీడగా గుర్తించింది. అదే ఏడు అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య దీన్ని తన గొడుగు కిందికి తెచ్చుకునే పని మొదలుపెట్టింది. మా ఆటను మమ్మల్ని అడక్కుండా తీసుకెళ్తారా అని జట్లు ఎదురుతిరిగాయి. ఆరు దేశాల సంఘాలు కలిసి పార్కూర్ ఎర్త్ అనే సొంత సమాఖ్య పెట్టుకున్నాయి. అయినా 2018 డిసెంబరులో బాకూ సమావేశంలో జిమ్నాస్టిక్స్ సమాఖ్య ఆమోదం తెలిపింది, 2022లో టోక్యోలో మొదటి ప్రపంచ పోటీలూ పెట్టింది. పోటీలంటే ఇష్టపడే పిల్లలు పోటీ పడొచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ పేట కుర్రాళ్లు కట్టుకున్న ఇంటికి యజమాని ఎవరన్నది వాళ్లే తేల్చుకోవాలి. ఈ తగవులో నా మొగ్గు జట్లవైపే.

ఖాన్ యూనిస్ ఇసుకలో

‘జంప్ లండన్’ను గాజాలో ఇద్దరు కుర్రాళ్లు చూశారు. అబ్దుల్లా ఇన్షాసీ, మహమ్మద్ జక్బీర్. వాళ్ల ఊరు ఖాన్ యూనిస్. 1948లో ఇళ్లూ పొలాలూ వదిలి వచ్చినవాళ్ల మనవలు పెరుగుతున్న శరణార్థి శిబిరం ఉన్న ఊరది. 2005లో గాజా పార్కూర్ జట్టు మొదలైంది. గాజా మొత్తం పొడవు నలభై ఒక్క కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా పన్నెండు దాటదు. 2007 నుంచి దిగ్బంధం. ఇరవై లక్షల మందికి పైగా జనం. పరుగెత్తడానికి చోటేదీ?

జట్టు మొదలైన 2005లోనే ఇజ్రాయెల్ సైన్యం, సెటిలర్లు గాజా నుంచి వెళ్లిపోయారు. ఖాన్ యూనిస్ పక్కన వాళ్లు కూల్చి వదిలిన కాలనీల శిథిలాలు, ఇసుక దిబ్బలు మిగిలాయి. జట్టుకు అదే మైదానం. గాల్లో తిరగడం ఇసుకలో నేర్చుకునేవారు, పడినా దెబ్బ తగలదు కనుక. తరువాత గోడల మీదికి వెళ్లేవారు. కొన్నాళ్లు శ్మశానంలో కూడా సాధన చేశారు, తరిమేవాళ్లు తక్కువ ఉండే చోటు కాబట్టి. ఇంట్లోవాళ్లు తిట్టారు, ఊళ్లోవాళ్లు పిచ్చిపట్టిందన్నారు. లీస్‌లో విన్న మాటలే ఇక్కడా. కాకపోతే ఇక్కడ గోడ కూలిందంటే దాని వెనక బాంబు ఉంటుంది. బద్దలైన భవనం మీద పరుగెత్తే కుర్రాడు సాహసం చూపిస్తున్నాడని బయటి పత్రికలు రాశాయి. వాడికి ఎక్కడానికి దొరికినవి అవే.

ఆ ఇద్దరు తర్వాత దేశం దాటారు. వాళ్ల చేతుల మీద నేర్చుకున్నవాళ్లు చిన్నపిల్లలకు నేర్పారు. అలా నేర్చుకున్న తరంలోని అహ్మద్ మతర్ కథను పాలస్తీనా మూలాలున్న దర్శకురాలు అరీబ్ జువైతర్ ఏళ్లతరబడి చిత్రీకరించి 2024లో ‘యల్లా పార్కూర్’ డాక్యుమెంటరీగా తెచ్చింది. దొరికితే తప్పక చూడాలి. దూకుళ్లకోసం కాదు, ఊరు విడిచి వెళ్లడమా ఉండిపోవడమా అని స్నేహితులు మాట్లాడుకునే తీరు కోసం. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధంలో ఖాన్ యూనిస్ చాలావరకు నేలమట్టమైంది. ఈ జట్టు సాధన చేసిన గోడల్లో ఎన్ని మిగిలాయో తెలియదు.

మన ఇంటి పిల్లలు అడిగితే

ఇండియాలో ముంబయి, బెంగళూరు, హైదరాబాద్‌లాంటి నగరాల్లో ఈ సాధన చేసే చిన్న జట్లున్నాయి. పార్కుల్లో ఆదివారం పొద్దున్నే కలుసుకుంటారు. దాన్ని జామ్ అంటారు. పరిచయం లేనివాళ్లు వచ్చినా కలుపుకుంటారు, వచ్చినవాడి వయసుకూ ఒంటికీ తగ్గట్టు ఏదో ఒకటి చూపిస్తారు. వెళ్లేముందు తాగిన నీళ్ల సీసాలు ఏరుకుని వెళ్తారు, గోడ మీద బూటు మరకలుంటే తుడిచేస్తారు. మళ్లీ వచ్చే వారం ఆ చోటు తమకు మిగలాలి కదా. వాచ్‌మన్ వద్దంటే వాదించకుండా వేరే చోటు వెతుక్కోవడం మర్యాదగల జట్టు లక్షణం. రైళ్ల మీద ఎక్కేవాళ్లను, సెల్ఫీకోసం ఎత్తయిన భవనాల అంచులకు వేలాడేవాళ్లను ఈ జట్లు తమవాళ్లుగా ఒప్పుకోవు. నెలల సాధన లేకుండా ఎవరూ ఎత్తు చూడకూడదన్నది వాళ్ల పట్టుదల.

ఆడపిల్లలు వస్తున్నారు, ఇంకా తక్కువే. లండన్‌లో అరవై దాటినవాళ్లకు కూడా తరగతులు నడిచాయి. అక్కడ నేర్పేది గోడ ఎక్కడం కంటే పడటం. అదుపు తప్పినప్పుడు చేతులు ఎలా పెట్టాలి, తల ఎలా కాపాడుకోవాలి, నేల మీది నుంచి ఒకరి సాయం లేకుండా ఎలా లేవాలి అన్నవి. బాత్రూంలో కాలు జారి తుంటి విరిగిన అమ్మమ్మలు మన ప్రతి వీధిలో ఉన్నారు. ఇలాంటి తరగతులు ఇక్కడ కూడా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

బాబో పాపో పార్కూర్ నేర్చుకుంటానంటే కంగారుపడి వద్దనకండి. ఒక రోజు జట్టు దగ్గరికి తోడు వెళ్లండి. మొదటి నెల ఎత్తు ఎంత ఉంటుందో అడగండి, మోకాలు దాటకూడదు. పల్టీ, దిగడం ముందు నేర్పుతున్నారో పిల్లిమొగ్గలు ముందు నేర్పుతున్నారో చూడండి. భయపడి ఆగిన పిల్లవాడిని చుట్టూ ఉన్నవాళ్లు ఎగతాళి చేస్తున్నారా, పక్కకు తీసుకెళ్లి చిన్న దూరంతో మళ్లీ మొదలుపెట్టిస్తున్నారా గమనించండి. శిక్షకుడి వయసు, అతడి మోకాళ్ల పరిస్థితి కూడా అడగొచ్చు. లీస్‌లో మొదలుపెట్టిన డేవిడ్ బెల్‌కూ ఫుకాన్‌కూ ఇప్పుడు యాభై దాటాయి. చౌ బెల్, యాన్ నోత్రా, పియెమొంతేసి కలిసి ఎవ్రీలో పెట్టిన బడిలో పేట పిల్లలకు పాఠాలు చెప్పారు. కొలను దొరసాని చుట్టూ మాత్రం ప్రమాదమని కంచె పడింది. దేశదేశాల ట్రేసర్లు అక్కడికి వెళ్లి, కంచె ఇవతల ఉన్న పొట్టి గోడల మీద సాధన చేసి వస్తుంటారు.